వీసం మేర ఉండగానే గుర్రపు డెక్కను తీయవలెను

మీ ఊరి చెరువులో గుర్రపు డెక్క పదహారింట ఒక వంతు, అనగా వీసం మేర పరచుకొని ఉన్నదనుకొనండి. ఇంకను పదిహేను వీసాలు ఖాళీగా ఉన్నవి గదా అని ఊరకుండుట పొరపాటు. ఎండ తగిలి, సారం గల నీటిలో ఈ మొక్క సుమారు రెండు వారాలకు రెట్టింపు కాగలదు. ఆ లెక్కన వీసం రెండు వీసాలై, పావై, అరై, రెండు నెలలలో చెరువంతయు నిండును. మొదట కొద్దిమంది చేయగల పని, తరువాత ఊరంతా కదిలినను తెమలదు.

ఈ మొక్క మన దేశపుది కాదు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం దీని పుట్టిల్లు. పూల అందం చూచి పెంచుకొనుటకై 19వ శతాబ్దం చివర బెంగాలుకు తెచ్చిరి. అక్కడినుండి దేశమంతటా వ్యాపించినది.

చేపలకు కలుగు హాని

డెక్క కప్పిన నీటికి గాలి, వెలుతురు సరిగా అందవు. నీటిలో ప్రాణవాయువు తగ్గును. తెల్లవారుజామున బొచ్చె, శీలావతి చేపలు పైకి తేలి నోరు తెరచుచున్నచో ఈ లోపమే అని అనుమానించవలెను. వలలు పారవు. కాలువలు, తూములు పూడుకొని పంటకు నీరందదు.

తీయు విధానం

1. వేసవిలో నీరు తగ్గినపుడు, పూత రాకముందే పని ప్రారంభించవలెను. రాలిన విత్తనాలు అడుగు బురదలో సుమారు 20 ఏండ్ల వరకు కూడ మొలకెత్తు శక్తిని నిలుపుకొనగలవు.

2. గొలుసుకట్టు చెరువులలో ఎగువ చెరువుతో మొదలు పెట్టవలెను. ఎగువన వదలి దిగువన తీసినచో మొదటి వరదకే మరల వచ్చును.

3. రైతులు, మత్స్యకారుల సహకార సంఘంవారు కలిసి ఒక దినం నిర్ణయించుకొని శ్రమదానం చేయవలెను. ఈతరాని వారిని లోతునకు పంపరాదు. వెదురు కొంకులతో, తాళ్ళతో ఒడ్డుకు లాగవలెను.

4. తీసిన డెక్కను నిండు చెరువు నీరు తాకనంత దూరంలో వేయవలెను. వాడిన పిమ్మట పేడతో పొరలు పొరలుగా పేర్చి కంపోస్టు చేయవచ్చును. పూత వచ్చినదానిని వేరుగా ఎండబెట్టి తగులబెట్టవలెను.

5. నీరు వచ్చు దారిలో వెదురు బొంగులను అడ్డముగా కట్టి, చేరిన డెక్కను వారం వారం తీయవలెను. వలలు, పడవలు వేరొక చెరువుకు తీసికొని పోవునపుడు అంటిన పిలకలు లేకుండ కడుగవలెను.

మందుల విషయం

చేపలున్న చెరువులో కలుపు మందు చల్లరాదు. ఒక్కసారిగా చచ్చిన డెక్క నీటిలోనే కుళ్ళి, ఉన్న ప్రాణవాయువును కూడ హరించును. చేపలు మూకుమ్మడిగా చచ్చును. డెక్కను తిను ముక్కు పురుగులను 1980 దశకంలో మన దేశంలో విడుదల చేసిరి. అవి పంటల జోలికి రావు గాని, ఫలితం కనబడుటకు కొన్ని ఏండ్లు పట్టును. కావున కొంకి పని మానరాదు.

ఒకసారి తీసి మరచిన ఊరికి డెక్క తిరిగి వచ్చును. బురదలోని విత్తనం ఓపికగా వేచియుండును. మనకును అంత ఓపిక ఉండవలెను. ఈ వారమే చెరువు గట్టుకు పోయి, ఎన్ని వీసాలు కప్పినదో చూడండి.