విశ్వవిద్యాలయ క్రీడా మైదానం - మన హాస్టల్ విద్యార్థి



సుల్తానాబాద్ హాస్టళ్ళలో చదువుకొని పై చదువులకు వెళ్ళే మనవారికి దగ్గరలో ఉన్నవి కరీంనగర్‌లోని శాతవాహన (2008), వరంగల్‌లోని కాకతీయ (1976), హైదరాబాద్‌లోని ఉస్మానియా (1918) విశ్వవిద్యాలయాలు. శాతవాహన రాకముందు మన జిల్లా కళాశాలలు కాకతీయ పరిధిలో ఉండేవి. సీటు రాగానే మనం హాస్టల్ ఎక్కడ, మెస్ ఎక్కడ, లైబ్రరీ ఎక్కడ అని అడుగుతాం. గ్రౌండ్ ఎక్కడ అని అడిగేవారు తక్కువ. అది డబ్బున్న పిల్లల కోసమని మనకు మనమే అనుకుంటాం. నిజానికి కళాశాల ఫీజు రసీదులో క్రీడల పద్దు కూడా సాధారణంగా ఉంటుంది. అంటే ఆ మైదానంలో మనకూ వాటా ఉన్నట్టే.

ఉస్మానియానే చూడండి. 2002 డిసెంబరులో హైదరాబాద్‌లో 32వ జాతీయ క్రీడలు జరిగినప్పుడు సైకిల్ పందేల కోసం ఆ క్యాంపస్‌లో వెలోడ్రోమ్ కట్టారు. మలుపుల దగ్గర గోడలా వాలుగా లేచే సైకిల్ ట్రాక్ అది. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే అక్కడ ఫుట్‌బాల్‌కు పేరుండేది. మన దేశ జట్టుకు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం విద్యార్థిగా ఉస్మానియా జట్టుకు ఆడినవాడే. ఆయన వృత్తిరీత్యా బడిపంతులు!

జట్టులోకి వెళ్ళే దారి ఇది. ముందు మీ కళాశాల జట్టులో చేరాలి. కళాశాలల మధ్య పోటీల్లో, ఎంపికల్లో బాగా ఆడినవారిని విశ్వవిద్యాలయ జట్టుకు తీసుకుంటారు. ఆ జట్టు భారత విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే అంతర విశ్వవిద్యాలయ పోటీలకు వెళుతుంది. ఎంపికల తేదీలు నోటీసు బోర్డు మీద పెడతారు. అందుకే చేరిన మొదటి వారంలోనే ఫిజికల్ డైరెక్టర్ గారిని కలిసి పేరు ఇవ్వండి. ఈ పోటీలకు వయోపరిమితి ఉంది. వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంటూ పోతే అది దాటిపోతుంది.

అయితే అక్కడి మైదానం మనకు అలవాటైన మైదానం కాదు. మట్టిలో ఒట్టి కాళ్ళతో కబడ్డీ ఆడినవాడికి మ్యాట్ మీద బూట్లతో ఆడడం మొదట ఇబ్బందే. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆ కొలతతో ఇక్కడే గీసుకొని ఆడితే సగం కొత్తదనం పోతుంది. వాలీబాల్ నెట్ ఎత్తు పురుషులకు 2.43, మహిళలకు 2.24 మీటర్లు. మన దగ్గర కర్రలకు కట్టిన నెట్ నడుమ జారి ఉంటుంది. దాని మీద నేర్చిన స్మాష్ అక్కడ నెట్‌కే తగులుతుంది.

పరుగులో మరీ చిక్కు. 400 మీటర్ల ట్రాక్‌లో ఎనిమిది మందిని ఎనిమిది చోట్ల నిలబెడతారు. మొదటి లేన్ వాడికంటే రెండో లేన్ వాడు 7.04 మీటర్లు ముందుంటాడు. ఎనిమిదో లేన్ వాడైతే ఏకంగా 53.03 మీటర్లు. మొదటిసారి చూసినవారికి ఇది అన్యాయంగా తోస్తుంది. కానీ బయటి లేన్ వలయం పెద్దది కాబట్టి, ఆ అదనపు దూరాన్ని ముందే తీసేసి నిలబెడతారు, అంతే. మలుపులో లోపలి గీత మీద ఒకటికి మించి అడుగులు పడితే పందెం నుంచి తప్పించవచ్చు. 800 మీటర్లలో మాత్రం మొదటి మలుపు దాటాక లోపలికి రావచ్చు.

ఇందులో పదో తరగతి లెక్క తప్ప మరేమీ లేదు. వృత్త పరిధి 2πr. వ్యాసార్థం లేన్ వెడల్పు 1.22 మీటర్ల మేర పెరిగితే పరిధి 2 × 3.1416 × 1.22, అంటే 7.67 మీటర్లు పెరుగుతుంది. ఇందులో మొదటి వ్యాసార్థం ఎంతన్నది ఎక్కడా రాలేదు, గమనించారా? కాబట్టి ట్రాక్ చిన్నదైనా పెద్దదైనా, పూర్తి రౌండుకు తేడా ఒక్కటే! పెద్ద ట్రాక్‌లో మొదటి లేన్‌కు లోపలివైపు గట్టు ఉంటుంది కనుక దాన్ని గట్టుకు 30 సెంటీమీటర్ల దూరంలో, మిగతా లేన్లను గీతకు 20 సెంటీమీటర్ల దూరంలో కొలుస్తారు. అందుకే రెండో లేన్‌కు 7.04 వచ్చింది.

మన హాస్టల్ గ్రౌండ్‌లో 200 మీటర్ల ట్రాక్ గీయడానికి 88 మీటర్ల పొడవు, 48 మీటర్ల వెడల్పు స్థలం చాలు. నాలుగు లేన్లు వస్తాయి. మధ్యలో 39.68 మీటర్ల దూరంలో రెండు మేకులు కొట్టండి. ఒక్కొక్క మేకుకు 19 మీటర్ల తాడు కట్టి బయటివైపు అర్ధవృత్తం గీయండి. ఆ రెండింటి చివరలను నేరు గీతలతో కలిపితే లోపలి గీత సిద్ధం. తాడు సాగేది కాకూడదు, నైలాన్ తాడు వద్దు. తర్వాత తాడును 1.22 చొప్పున పెంచుతూ మిగతా గీతలు వేయండి. గట్టు లేదు, సున్నం గీతే కాబట్టి అన్ని లేన్లకూ ఒకే లెక్క: ఒక రౌండు పందేనికి రెండో లేన్ వాడు 7.67, మూడో లేన్ వాడు 15.33, నాలుగో లేన్ వాడు 23 మీటర్లు ముందు నిలబడాలి. ఒక్క మలుపే ఉండే 100 మీటర్ల పందెమైతే ఇందులో సగం.