పాత ఫోను అప్పుడే ఇచ్చేయకు

బిడ్డా,

జర ఆగు. పాత ఫోను ఫార్మాట్ కొట్టి రేపే తమ్ముడికి ఇచ్చేస్తానని మెసేజ్ చివర్లో ఒక ముక్క రాశావు చూడు, ముందు దాని సంగతి. నువ్వు అడిగింది ఏ యాప్ మంచిదని. అది తర్వాత. లాగిన్‌కు కోడ్‌లు చూపించే యాప్ ఆ పాత ఫోనులోనే ఉంది కదా? కొత్త ఫోనులో అదే యాప్ వేసుకుంటే కోడ్‌లన్నీ వాటంతటవే వస్తాయని ఎవరు చెప్పారు నీకు? వాట్సాప్ వచ్చింది, ఫోటోలు వచ్చాయి, ఇదీ వస్తుందనుకున్నావు. ఫోను షాపు పిల్లగాడు కూడా "అన్నీ వచ్చేసినయ్ అక్కా" అనే అంటాడు. రాని సంగతి ఎప్పుడో జీమెయిల్ ఆరంకెల కోడ్ అడిగిన రోజు బయటపడుతుంది. అప్పటికి పాత ఫోనులో తమ్ముడి ఆటలు నిండిపోయి ఉంటాయి.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఈ తొందర పడేదానివి కాదు. మొదటిసారి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు ఆ నలుపు తెలుపు గళ్లలో ఉన్నది ఒక రహస్య సంకేతం, అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి వరుస. దాని ప్రతి ఒకటి గూగుల్ దగ్గర ఉంది, ఒకటి నీ ఫోనులోకి వచ్చింది. ఆ తర్వాత రెండిటికీ మాటామంతీ లేదు. ఫోను ఆ రహస్యాన్నీ అప్పటి టైమునూ కలిపి లెక్క కట్టి ఆరంకెలు చూపిస్తుంది. అవతల సర్వరు కూడా అదే లెక్క కట్టుకుని సరిచూసుకుంటుంది. కల్వకుర్తిలో ఒకరు, మిర్యాలగూడలో ఒకరు ఒకే పంచాంగం దగ్గర పెట్టుకుంటే, ఫోన్ చేసుకోకుండానే ఇద్దరూ ఒకే తిథి చెప్తారు కదా, అట్లాంటిదే. కాకపోతే ఇక్కడ తిథి 30 సెకన్లకోసారి మారుతుంది.

ఈ లెక్క ఎవరి సొంతమూ కాదు. 2011 మేలో ఆర్‌ఎఫ్‌సీ 6238 అనే పత్రంగా ప్రపంచమంతటికీ తెలిసేట్టు అచ్చయింది. గూగుల్ యాప్ చేసే పనే మైక్రోసాఫ్ట్ యాప్ చేస్తుంది, ఊరూపేరూ తెలియని కుర్రాళ్లు ఉచితంగా రాసి పెట్టిన యాప్ కూడా చేస్తుంది. సిగ్నల్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు. నమ్మకం లేకపోతే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి చూడు, అంకెలు మారుతూనే ఉంటాయి. ఫోను గడియారం మాత్రం సరిగ్గా ఉండాలి. నాలుగైదు నిమిషాలు తేడా వస్తే సరైన కోడ్ కొట్టినా తప్పంటుంది, అందుకే టైమును ఆటోమేటిక్‌లో పెట్టాలి.

కాబట్టి అసలు ప్రశ్న ఏ యాప్ అన్నది కాదు. ఆ రహస్యానికి నీ వైపు రెండో ప్రతి ఎక్కడుంది? నీ విషయంలో ఎక్కడా లేదు. ఆ క్యూఆర్‌ను స్క్రీన్‌షాట్ తీసి నీ వాట్సాప్‌కు నువ్వే పంపుకున్నానని గొప్పగా రాశావు కానీ, అది ఉన్నట్టు లెక్కలోకి రాదు. అది గ్యాలరీలో పడి ఉంటుంది, గూగుల్ ఫోటోస్‌లోకి ఎక్కి ఉంటుంది, ఫోను చేతికిచ్చిన ప్రతివాళ్లకూ కనపడుతుంది. ఆ గళ్ల బొమ్మను స్కాన్ చేసిన ఎవరికైనా నీ కోడ్‌లే వస్తాయి, నీకు తెలియకుండా, ఎన్నాళ్లయినా. తీసెయ్. తీసేసినంత మాత్రాన ఎక్కడెక్కడికి పోయిందో తెలియదు గనుక, ఆ ఖాతాలో ఈ కోడ్ సెట్టింగ్ ఆపి కొత్త క్యూఆర్ తీసుకో.

ఇదంతా సాఫ్ట్‌వేరు వాళ్ల గొడవ అనుకోకు. మీ ఆడిటర్ ఆఫీసుకు లెక్కలిచ్చే రైసు మిల్లులనే చూడు. 25 కిలోలూ అంతకు లోపూ ఉన్న లేబుల్ బస్తా బియ్యం మీద 2022 జూలై 18న 5 శాతం జీఎస్టీ పడింది. పన్ను పడే సరుకు విలువ 50 వేలు దాటితే లారీ కదలడానికి ఈ-వే బిల్లు కావాలి. ఆ బిల్లు తీసే పోర్టల్లోకి వెళ్లడానికి పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ కూడా 2025లో విడతలుగా తప్పనిసరి అయింది: జనవరి 1 నుంచి 20 కోట్ల టర్నోవరు దాటినవాళ్లకు, ఫిబ్రవరి 1 నుంచి 5 కోట్లు దాటినవాళ్లకు, ఏప్రిల్ 1 నుంచి అందరికీ. ఆ ఓటీపీకి మూడు దారులు పెట్టారు. ఒకటి ఎస్సెమ్మెస్, రెండోది సర్కారు వారి సందేశ్ యాప్, మూడోది ఎన్ఐసీ-జీఎస్టీ-షీల్డ్. ఈ మూడోది మనం మాట్లాడుకుంటున్న జాతిదే. నెట్ లేకున్నా 30 సెకన్లకో కొత్త కోడ్ చూపిస్తుంది.

మిల్లుల్లో వచ్చే చిక్కు వేరు. ఓటీపీ యజమాని ఫోనుకు పోతుంది. ఆయన ఏదో పెళ్లిలో ఉంటాడు, ఫోను సైలెంట్లో ఉంటుంది. బస్తాలెక్కిన లారీ గేటు దాటదు, డ్రైవరు టీకొట్టు దగ్గర తిడుతూ కూర్చుంటాడు. దీనికి జనం కనిపెట్టిన మందు యజమాని పాత ఫోనొకటి ఆఫీసు టేబుల్ సొరుగులో పడేయడం. అది మందు కాదు, ఇంకో రోగం. పోర్టల్లోనే సబ్‌ యూజర్‌ను పెట్టుకునే వీలుంది, ఆ మనిషి నంబరుకే ఆ మనిషి ఓటీపీ వస్తుంది. రేపు ఎవరైనా ఉద్యోగం మానేస్తే ఆ ఒక్క పేరు తీసేస్తే చాలు. మీ సార్‌కు ఈ మాట నువ్వే చెప్పు. కొత్త పిల్ల మాట ఎవరు వింటారని వెనకాడకు.

ఇగ యాప్‌ల సంగతి.

గూగుల్ ఆథెంటికేటర్ నీకు తెలిసిందే. 2010లో వచ్చింది. చాలా ఏళ్లు అందులోని రహస్యాలు ఆ ఒక్క ఫోనులోనే ఉండేవి, ఫోను పోతే అవీ పోయేవి. 2023 ఏప్రిల్‌లో గూగుల్ ఖాతాతో సింక్ పెట్టారు. సుఖమే, కానీ అదే ఏడాది ఆగస్టులో రీటూల్ అనే అమెరికా కంపెనీకి ఏమైందో విను. ఒక ఉద్యోగిని ఎస్సెమ్మెస్‌తోనూ ఫోన్ కాల్‌తోనూ మోసం చేసి దొంగలు అతని గూగుల్ ఖాతాలోకి దూరారు. సింక్ అయి ఉన్నందువల్ల అతని కోడ్‌లన్నీ ఒక్క దెబ్బకు చేతికి చిక్కాయని కంపెనీ చెప్పింది. అంటే సింక్ పెట్టుకున్నప్పుడు కోడ్‌ల భారమంతా ఆ ఒక్క గూగుల్ ఖాతా మీద పడుతుంది.

ఇంకో చిక్కు ఉంది, తెలివైనవాళ్లే ఇందులో పడతారు. జీమెయిల్‌కు పెట్టిన కోడ్ కూడా అదే యాప్‌లో ఉందనుకో. ఫోను పోయింది. కొత్త ఫోనులో కోడ్‌లు రావాలంటే గూగుల్‌లోకి లాగిన్ కావాలి, లాగిన్‌కు కోడ్ కావాలి, కోడ్ యాప్‌లో ఉంది. తిరుగు, తిరుగుతూనే ఉండు. దీనికోసమే గూగుల్ బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది: ఎనిమిదేసి అంకెలవి పది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ప్రింటు తీసి, టెన్త్ మెమో పెట్టుకున్న ఫైల్లోనే పెట్టు. మళ్లీ కొత్త పది తీసుకుంటే పాత కాగితం చెల్లదు, ఆ రోజే చింపెయ్.

మైక్రోసాఫ్ట్ యాప్‌లో బ్యాకప్ ఉంది కానీ ఆండ్రాయిడ్‌లో తీసింది ఐఫోనులో ఎక్కదు, ఐఫోనుది ఆండ్రాయిడ్‌లో ఎక్కదు. ఆథీ అనే యాప్ ఒకప్పుడు చాలామంది మెచ్చింది. లోపలి రహస్యాలను బయటికి తీసుకుని ఇంకో యాప్‌కు మారే దారే అది ఇవ్వదు. 2024 మార్చిలో కంప్యూటర్ల మీద దాన్ని ఆపేశారు. జూలైలో వాడకందార్ల ఫోన్ నంబర్లు 3 కోట్లకు పైగా బయటికి పొక్కాయి. ఐఫోనులో రైవో అని ఇంకోటి ఉండేది, బుద్ధిమంతులు నమ్మిన యాప్. 2023లో చేతులు మారింది, 2024లో ఒక అప్‌డేట్‌తో ఎందరివో కోడ్‌లు తుడిచిపెట్టుకుపోయాయి. మంచి పేరున్న యాప్ ఎప్పటికీ మంచిగానే ఉంటుందన్న పూచీ ఎవరూ ఇవ్వలేరు. బయటికి తీసుకుని పోయే దారి ఉందా లేదా అన్నదే మీ మామ మొదట చూసేది.

ఆ దారి ఉన్నవాటిలో ఆండ్రాయిడ్‌కు ఏజిస్. ఉచితం, ప్రకటనలు లేవు, లోపలి కోడు ఎవరైనా చదువుకోవచ్చు. నువ్వు పెట్టిన పాస్‌వర్డ్‌తో రహస్యాలన్నిటినీ ఒక ఫైలుగా బిగించి ఇస్తుంది, దాన్ని పెన్‌డ్రైవ్‌లోనో ఇంకో చోటనో పెట్టుకోవచ్చు. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే మాత్రం తెరిచేవాళ్లు లేరు. రోజూ వేలిముద్రతో తెరుస్తూ పాస్‌వర్డ్ మర్చిపోతారనే, అది అప్పుడప్పుడూ పాస్‌వర్డ్ అడిగి గుర్తుచేస్తుంది. విసుక్కోకు. ఫోనుతో పాటు కంప్యూటరులో కూడా కావాలంటే ఎంటే ఆథ్ చూడు. కోడ్‌లు నీ పాస్‌వర్డ్‌తో బిగిసిన తర్వాతే వాళ్ల సర్వరుకు పోతాయి, 24 మాటల రికవరీ కీ ఒకటి ఇస్తుంది, అది కాగితం మీద ఉండాలి. నీ ఫోను ఆండ్రాయిడ్ కాబట్టి ఏజిస్ చాలు. ప్లేస్టోరులో వెతికేటప్పుడు పైన కనపడే ప్రకటన యాప్‌ను పట్టుకోకు. 2023 మార్చి 20 నుంచి ట్విట్టర్ డబ్బు కట్టని వాళ్లకు ఎస్సెమ్మెస్ కోడ్ ఆపేసింది, ఆ రోజుల్లో ఇట్లాంటి పేర్లతో, ఇట్లాంటి బొమ్మలతో నకిలీవి కుప్పలుగా వచ్చాయి.

ఇప్పుడు మీ మామ పట్టు వదలని మాట. బ్యాకప్ పెట్టాను అంటే వినడు, దాంతో లోపలికి వెళ్లాను అంటేనే వింటాడు.

కొత్త ఫోనులో యాప్ వేసి, ఫైలు ఎక్కించి, అంకెలు కనపడగానే పని అయిపోయిందనుకుంటావు. కాలేదు. పాత ఫోను స్విచాఫ్ చెయ్యి. ఆఫీసు కంప్యూటరులో ఎప్పుడూ లాగిన్ కాని బ్రౌజరు తెరువు. పాస్‌వర్డ్ కొట్టు, కొత్త ఫోనులోని కోడ్ కొట్టు, మెయిల్ తెరుచుకోవాలి. అట్లా ఒక్కొక్క ఖాతా: జీమెయిల్, డీమ్యాట్, ఇంకా ఏవుంటే అవి. మధ్యలో ఏదో ఒకటి తెరుచుకోదు, చూడు కావాలంటే. పాత ఫోను పక్కనే ఉంది గనుక అప్పుడు అది పెద్ద కష్టం కాదు, దాంతో లోపలికి వెళ్లి కొత్త క్యూఆర్ తీసుకోవచ్చు. పాత ఫోను లేని రోజున అదే ఖాతా కోసం కస్టమర్ కేర్‌కు ఆధార్ కాపీలు పంపుతూ కూర్చోవాలి. బ్యాకప్ కాగితం మీది కోడ్ ఒకటి కూడా ఖర్చుపెట్టి చూడు. పది ఉన్నాయి, ఒకటి పోతే ఏం కాదు. చాలామంది ఆ కాగితాన్ని దాచిన చోటే మర్చిపోతారు, లేదా కొత్తవి తీసుకున్నాక పాత కాగితాన్ని పదిలంగా దాచుకుంటారు.

ఇంకో ఉపాయం, ఖర్చు లేనిది. కొత్తగా ఏ ఖాతాకు పెట్టినా క్యూఆర్ కింద స్కాన్ చేయలేకపోతున్నారా అని చిన్న అక్షరాల్లో ఉంటుంది చాలా చోట్ల. నొక్కితే ఆ రహస్యమే అక్షరాల్లో కనపడుతుంది. అప్పుడే కాగితం మీద రాసుకుంటే ఏ యాప్‌లోనైనా, ఎప్పుడైనా చేత్తో కొట్టి ఎక్కించుకోవచ్చు. ఆ కాగితం మీద పాస్‌వర్డ్ రాయకు. ఐదుకూ ఎస్ అక్షరానికీ తేడా తెలిసేట్టు రాయి, నీ దస్తూరీ మీ మామకు తెలుసు.

బ్యాంకు సంగతి అడిగావు. బ్యాంకుల్లో, యూపీఐలో ఈ యాప్‌లు దాదాపు పనికిరావు, బ్యాంకుల్లో ఇంకా ఎక్కువగా ఎస్సెమ్మెస్సే. ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో పరీక్ష ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి పెట్టించింది, ఓటీపీ అనే మాట మన ఇళ్లలోకి వచ్చింది అట్లనే. ఎస్సెమ్మెస్ ఒక్కటే కాకుండా వేరే పద్ధతులకూ దారి తెరిచే ఆదేశాలు 2025 సెప్టెంబరులో వచ్చాయి, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఎస్సెమ్మెస్‌తో భయం ఏమంటే, నీ పేరున ఎవడైనా డూప్లికేట్ సిమ్ తీసుకుంటే నీ ఓటీపీలు వాడికి పోతాయి. సిమ్ మార్చిన ఏడు రోజుల దాకా నంబరు వేరే కంపెనీకి పోర్ట్ కాకుండా ట్రాయ్ 2024 జూలై 1 నుంచి ఆపింది. ఫోనులో ఉన్నట్టుండి సిగ్నల్ పోయి ఎంతకీ రాకపోతే ఆ రోజే కంపెనీకి ఫోన్ చెయ్యాలి.

కానీ మన పాలమూరు ఇళ్లలో అంతకంటే పెద్ద సమస్య ఇంకోటుంది. నాయన ముంబైలో పనిమీద ఉంటాడు. అమ్మ ఖాతాకు ఇచ్చింది నాయన నంబరు. ఏ పనికైనా ఓటీపీ ముంబైకి పోతుంది, అమ్మ ఫోన్ చేస్తుంది, నాయన పరంజా మీద నిలబడి అంకెలు చదివి వినిపిస్తాడు. ఏళ్ల తరబడి ఇదే అలవాటు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని టీవీలో ఎంత మొత్తుకున్నా ఆ ఇంట్లో అది ఎట్లా చెవికెక్కుతుంది? ఫోనులో అంకెలు చదవడం వాళ్లకు రోజువారీ పని. బ్యాంకు నుంచి అని ఎవడైనా ఫోన్ చేసి అడిగితే అట్లనే చదివేస్తారు. డబ్బు పోయాక 1930కి ఎంత తొందరగా ఫోన్ చేస్తే అంత మంచిది, నిజమే, కానీ అక్కడిదాకా రానీయడం ఎందుకు?

అమ్మ ఖాతాకు అమ్మ నంబరే పెట్టించు. ఈసారి ఊరికి పోయినప్పుడు ఆమెను బ్రాంచికి తీసుకుపో. పాస్‌బుక్కు, ఆధార్, ఆ సిమ్ ఉన్న ఫోను మూడూ వెంట ఉండాలి. అమ్మ నంబరుకు రీఛార్జి అయిపోయి ఎన్నాళ్లయిందో ముందే చూసుకో. మొత్తానికే ఆగిపోయిన నంబరైతే కంపెనీ దాన్ని ఇంకెవరికో ఇచ్చేస్తుంది. సోమవారం పోకండి, రద్దీగా ఉంటుంది.

నీ మేనమామ