గుడి కదల్లేదు, చిరునామా మారింది: వారసత్వ పటాల్లో కొత్త కొలువులు

పాలంపేటలోని రామప్ప గుడి 1213 నాటి కట్టడం. 2016 అక్టోబరులో అది వరంగల్ జిల్లా నుంచి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్లింది. 2019లో ములుగు కొత్త జిల్లా కావడంతో అందులో చేరింది. గుడి ఉన్నచోటే ఉంది, రికార్డుల్లో చిరునామా మాత్రం మూడేళ్లలో రెండుసార్లు మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయినప్పుడూ ఇదే జరిగింది. పాత జాబితాలో 'వరంగల్ జిల్లా' అని ఉన్న శాసనాన్ని కొత్త పటంలో ఎక్కడ వెతకాలి? జిల్లా పేరుతోపాటు ఆ హద్దులు ఏ తేదీ నాటివో, కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఆ ఊరికి ఉన్న కోడ్ ఏమిటో రాసి ఉంటే కంప్యూటరే జత కలుపుతుంది. లేదంటే ఎవరో ఒకరు కూర్చుని ఒక్కొక్కటీ సరిచూడాల్సిందే.

ఏ వివరాన్ని, ఏ పద్ధతిలో, ఎంత కచ్చితంగా నమోదు చేయాలో ముందే తేల్చి రాసుకునే నియమావళినే డేటా ప్రమాణం అంటారు. గుళ్లు, బురుజులు, మెట్లబావులు, వీరగల్లుల వివరాలు డిజిటల్ పటాల మీదికి వస్తున్నకొద్దీ ఇలాంటి నియమాలు రాయగలవారి అవసరం పెరుగుతోంది. చరిత్ర, భూగోళం, తెలుగు, ఆర్కిటెక్చర్, కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లంతా కలిసి పనిచేయగల అరుదైన రంగమిది.

నిజానికి ఈ నేల మీద ఈ పని కొత్తది కాదు. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ భూమిని కొలిపిస్తూనే ఊళ్ల చరిత్రలు చెప్పే కైఫీయతులు సేకరింపజేశాడు. ఆ సేకరణకు వెన్నెముకగా నిలిచినవారు కావలి బొర్రయ్య, ఆయన సోదరులు. తర్వాత కొలతలు ఒక దారిన, కథలూ శాసనాలూ మరో దారిన వెళ్లిపోయాయి. సమాచారాన్ని డిజిటల్ పటాలకు ముడిపెట్టే జీఐఎస్ పుణ్యమా అని ఆ రెండూ మళ్లీ కలుసుకుంటున్నాయి.

'ఎక్కడ ఉంది?' అన్నది ఫారంలో అన్నిటికన్నా తేలికైన గడిగా కనిపిస్తుంది. అసలు కష్టమంతా అక్కడే. నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోనున్న లోయలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిగాయి. బయటపడ్డ కట్టడాల్లో కొన్నిటిని నాగార్జునకొండ మీదా, అనుపు దగ్గరా తిరిగి నిలబెట్టారు. శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురానికి తరలించారు. ఇలాంటి కట్టడానికి అక్షాంశ రేఖాంశాల గడి ఒక్కటే ఇస్తే సగం చరిత్ర పోతుంది. మొదటి చోటు, ఇప్పటి చోటు, తరలించిన ఏడాది దేనికదే విడిగా ఉండాలి.

మరో చిక్కు మనుషుల ఇళ్ల దాకా వస్తుంది. అక్షాంశ రేఖాంశాలను లెక్కించే ప్రాతిపదికను డేటమ్ అంటారు. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లకు ఎవరెస్ట్ డేటమ్ ఆధారం. ఫోన్లలోని జీపీఎస్‌కు డబ్ల్యూజీఎస్ 84 ఆధారం. ఒకదాని అంకెలను మార్చకుండా రెండోదాని మీద వేస్తే తెలుగు ప్రాంతంలో చుక్క వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలను, ఆపైన మరో 200 మీటర్లలో అనుమతి లేని నిర్మాణాలను 2010 సవరణతో చట్టం నిషేధించింది. 'ఏ డేటమ్' అనే గడిని ఖాళీగా వదిలేస్తే ఒక కుటుంబం ఇల్లు కట్టుకోవచ్చా లేదా అన్నదే తారుమారు కావచ్చు. భూమిని నిలువు పట్టీలుగా విభజించి మీటర్లలో చోటు చెప్పే యూటీఎం జోన్ల సంగతీ అంతే. లేపాక్షి 43వ జోన్‌లో, అమరావతి 44లో, ఇచ్ఛాపురం 45లో పడతాయి. ఒక్క రాష్ట్రంలోనే మూడు!

ఇక పేర్లు. దిగుడుబావి, మెట్లబావి, బావ్లి అని ముగ్గురు మూడు రకాలుగా రాస్తే వెతికినప్పుడు మూడోవంతే దొరుకుతాయి. అందుకని ఆమోదించిన పదాల పట్టిక ఒకటి కావాలి, ఊరివాళ్లు పిలిచే పేరుకు విడిగా చోటూ ఉండాలి. ఈ పట్టికలు తయారుచేయడానికి తెలుగు బాగా వచ్చినవాళ్లే కావాలి. కాపలా లేని శిల్పాలకు దొంగల భయం ఉంటుంది కనుక కచ్చితమైన చోటు ఎవరికి కనిపించాలో, ఎవరికి కనిపించకూడదో కూడా ప్రమాణంలోనే రాయాలి.

ఇంగ్లండ్‌లో ఇలాంటి స్థానిక వారసత్వ రికార్డులకు 1960లలో ఆక్స్‌ఫర్డ్‌షైర్ దారి చూపింది. ఇప్పుడు అక్కడ కౌంటీల స్థాయిలో హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ రికార్డులు ఉన్నాయి, వాటిని నిర్వహించే ఆఫీసర్ల ఉద్యోగాలున్నాయి, మైడాస్ హెరిటేజ్ అనే ఉమ్మడి ప్రమాణం ఉంది. ఈ రికార్డుల నిర్వహణను స్థానిక సంస్థల చట్టబద్ధ బాధ్యతగా చేసే నిబంధనలు 2023 చట్టంలో చేరాయి. గెట్టి కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్, వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ కలిసి తయారుచేసిన ఆర్చెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను లాస్ ఏంజెలెస్ నగరం వాడుతోంది. దక్షిణాసియా పురావస్తు స్థలాల మీద కేంబ్రిడ్జ్ నడుపుతున్న మాసా ప్రాజెక్టుకూ అదే ఆధారం. సీడాక్ సీఆర్ఎం అనే అంతర్జాతీయ ప్రమాణం తెలిస్తే ఆర్చెస్ లోపలి అల్లిక సులువుగా అర్థమవుతుంది.

మన దగ్గర 'హెరిటేజ్ డేటా' అనే పేరుతో నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తే ప్రయోజనం తక్కువ. పని వేరే పేర్లతో వస్తుంది. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ, రాష్ట్ర పురావస్తు శాఖలు, వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్, పట్టణాభివృద్ధి సంస్థలు, పరిరక్షణ ఆర్కిటెక్టుల కార్యాలయాలు, హైదరాబాద్ జీఐఎస్ కంపెనీలు వెతకాల్సిన చోట్లు. మొదట్లో ఎక్కువగా దొరికేవి ప్రాజెక్టు కాంట్రాక్టులే. ఈ అనిశ్చితిని లెక్కలో వేసుకునే దిగాలి. అయితే ఇదే నైపుణ్యం భూరికార్డులకు, నీటిపారుదలకు, విపత్తు నిర్వహణకు కూడా పనికొస్తుంది కాబట్టి చేతిలో విద్య వృథా కాదు.

శిక్షణ విషయంలో తెలుగువారిది అదృష్టమే. సర్వే ఆఫ్ ఇండియా జాతీయ శిక్షణ సంస్థ హైదరాబాద్ ఉప్పల్‌లోనే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జియో ఇంజినీరింగ్ విభాగం, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో స్పేషియల్ ఇన్ఫర్మాటిక్స్ ల్యాబ్ ఉన్నాయి. డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది. పురావస్తు పక్షం నుంచి రావాలనుకునేవారికి గ్రేటర్ నోయిడాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కియాలజీలో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది. సాధనాల్లో పటాలు గీసే క్యూజీఐఎస్, చోట్ల సమాచారాన్ని భద్రపరిచే పోస్ట్‌జీఐఎస్ ముందు నేర్చుకోవాలి, రెండూ ఉచితమే. సిగ్నల్ లేని ఊళ్లలో ఫోన్‌లో పనిచేసే క్యూఫీల్డ్ అక్కరకొస్తుంది.

ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఎక్కువ మాట్లాడేది చేసి చూపించిన పని. సొంత మండలంలోని ఓ ముప్పై చారిత్రక స్థలాలను తీసుకుని నమోదు చేయవచ్చు. పటం ఎవరైనా గీస్తారు. దానితోపాటు ప్రతి గడికీ అర్థం, ఆమోదిత పదాలు, చోటును ఎలా కొలిచారు, ఎంత తేడా ఉండవచ్చు అన్నవి వివరిస్తూ రెండు పేజీల ప్రమాణ పత్రం రాసిన అభ్యర్థి ప్రత్యేకంగా కనిపిస్తాడు. ఆ పత్రాన్ని ఒక స్నేహితురాలికి ఇచ్చి అవే స్థలాలను విడిగా నమోదు చేయించాలి. ఇద్దరి రికార్డులూ ఎక్కడ కలవలేదో చూస్తే నియమం ఎక్కడ వదులుగా ఉందో బయటపడుతుంది. దేశంలో భౌగోళిక సమాచార ప్రమాణాలను భారతీయ ప్రమాణాల సంస్థ కమిటీలు రూపొందిస్తాయి. వాటి ముసాయిదాలపై ఎవరైనా అభిప్రాయం పంపవచ్చు, విద్యార్థులు కూడా.