గోడలోని గవాక్షము

ఢిల్లీ నగరమున కాల్కాజీ యను ప్రాంతము కలదు. 1999వ సంవత్సరమున అచ్చట ఎన్.ఐ.ఐ.టి. అను కంప్యూటరు విద్యాసంస్థకు ఒక కార్యాలయ ముండెను. కార్యాలయమునకును, దాని నానుకొనియున్న పేదల గుడిసెలకును నడుమ ఒక గోడ అడ్డముగా నుండెను. గోడ కీవల గదులనిండ కంప్యూటర్లు. ఆవల వానిని తాకియైన నెరుగని పిల్లలు. ఆ సంస్థలో పరిశోధనలు నడపుచుండిన సుగత మిత్ర గోడకు రంధ్రము చేయించి, అందొక కంప్యూటరును వీధివైపు ముఖముగా అమర్పించి, దానికి ఇంటర్నెట్టును కలిపించెను. దాని నెట్లు వాడవలయునో చెప్పుటకు ఎవ్వరిని నియమింపలేదు.

పిల్లలు మూగిరి. అచ్చటనున్న చిన్న పలకపై వ్రేలు రాచినచో తెరమీద బాణపు గుర్తు కదలుట చూచి ఆశ్చర్యపడిరి. ఒకడు కనిపెట్టినది ప్రక్కవాడు చూచి నేర్చెను; వాడు మరి యిద్దరికి చూపెను. కొన్ని గంటలలోనే వారు తెరపై ఒక పుటనుండి మరియొక పుటకు పోవ నేర్చిరి. బాణపు గుర్తును ‘కర్సర్’ అందురని వారికి తెలియదు. వారు దానికి ‘సుయీ’ అని పేరిడిరి. హిందీలో సూది యని యర్థము. కంప్యూటరు పనిలో నున్నపుడు కనబడు ఇసుక గడియారమును ‘డమ్రూ’ అనిరి. ఇసుక గడియారము ఆ గుడిసెలలో ఎక్కడిది? శివుని చేతి డమరువునైనచో పటములలో చూడని పిల్లవాడు లేడు. పరాయి వస్తువునకు తన యింటిమాటతో పేరు పెట్టుకొనినవాడు దానిని సగము తనదిగా చేసికొన్నట్లే.

ఈ వార్త దేశదేశములకు ప్రాకెను. ఇక గురువుతో పనిలేదని కొందరు పొంగిపోయిరి. అది తొందరపాటు. 2000వ సంవత్సరమున ఢిల్లీ ప్రభుత్వమును ఆ సంస్థయు కలిసి ఒక పేదల పేటలో ఇట్టిదే మరియొక కేంద్రము నెలకొల్పిరి. చిన్న గదిలో ఐదు కంప్యూటర్లుండెను. గోడ రంధ్రములగుండ వాని తెరలు వీధిలోనికి కనబడుచుండెను. తెరపై బాణమును కదపుటకు ఒక పిడియు కొన్ని మీటలును గలవు; కీబోర్డు మాత్రము లేదు. అమెరికా పండితుడగు మార్క్ వార్షావర్ దీనిని గూర్చి 2003లో వెలువడిన తన గ్రంథమున వ్రాసెను. అచ్చట ఇంటర్నెట్టు పనిచేయుట అరుదు. పిల్లలకు తెలిసిన భాష హిందీ యొక్కటే. ఆ భాషలో వారికొరకు సిద్ధపరచిన పాఠము లేవియు లేవు. వారు బొమ్మలు గీయుచు, ఆటలాడుచు ప్రొద్దు పుచ్చుచుండిరి. తల్లిదండ్రులలో కొందరు సంతోషించిరి. నేర్పువారు లేరని, పిల్లల బడిచదువు చెడుచున్నదని కొందరు చింతించిరి. తప్పు పిల్లలది కాదు. అక్షరము వ్రాయుటకు వీలులేని యంత్రము నిచ్చి, చదువ నేర్వలేదని వారిని నిందించుట యెట్లు?

పిల్లలు తమంత తాము ఎంతవరకు నేర్వగలరు? ఎచ్చట ఆగిపోవుదురు? ఈ ప్రశ్నను మిత్రయే వేసికొనెను. తన సహచరురాలితో కలిసి దక్షిణ భారతమున కాళికుప్పమను పల్లెలో ఒక ప్రయోగము చేసి, దాని ఫలితములను 2010లో ప్రకటించెను. అచ్చటి పిల్లల భాష తమిళము. వారికి చూపిన పాఠము ఆంగ్లమున నుండెను. అదియు సామాన్య విషయము కాదు, అణు జీవశాస్త్రము. డి.ఎన్.ఎ. తన ప్రతిని తానే యెట్లు సృజించుకొనునో వారు గ్రహింపవలయును. మొదట పరీక్షింపగా వారి కేమియు రాదు. తమంత తాము తెరముందు కూర్చుండి కుస్తీపట్టిన పిమ్మట నూటికి సుమారు 30 మార్కులు వచ్చెను. సమీపమున ప్రభుత్వ పాఠశాలలో ఆ పాఠమునే ఉపాధ్యాయునివద్ద చదివిన పిల్లలకును ఇంచుమించుగా అంతియే వచ్చెను.

అంతటితో తృప్తిపడక, మిత్ర ఆ పిల్లల కెరుకైన ఒక యువతిని తోడు నిలిపెను. ఆమెకు జీవశాస్త్రము రాదు. రాదనియే ఆమె చెప్పెను. మనుమల ముచ్చట్లకు మురిసిపోవు అవ్వవలె వారి వెనుక నిలిచి మెచ్చుకొనుటయే ఆమె పని. ఆమె వచ్చిన తరువాత పిల్లల మార్కులు నూటికి 50 వరకు పెరిగెను. నగరమున ఆంగ్లము ధారాళముగా వచ్చి, అర్హులైన ఉపాధ్యాయులవద్ద చదువుకొను సంపన్నుల పిల్లలతో వారు సమానులైరి. ఆ యువతి ఒక్క పాఠమైనను చెప్పియుండలేదు. ఇదేమి, అదెట్లు తెలిసెనని యడుగుచుండెను. పిల్లలు వెనుదిరిగి ఆమెకు బోధించుచుండిరి.