నీ చెవిన పడ్డ మాటలు

ఎల్బీనగర్

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగిన దానికి పొయ్యి దగ్గర నిలబడి జవాబు చెప్పబుద్ధి కాలేదు. అందుకే ఈ ఉత్తరం. "మా రూమ్‌లో ఒకామె పాడుతుంది, ఒకామె బొమ్మలు వేస్తుంది, నాకే ఏమీ రాదు పెద్దమ్మా" అన్నావు. గొంతులో దిగులు వినబడింది. ఆ దిగులు ఎక్కడిదో నాకు అర్థమైంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కు చదవడమంటే పొద్దున కోచింగ్, పగలు స్టడీ హాల్, రాత్రికి టెస్ట్. ఎవరో వేసిన ప్రశ్నకు ఎవరో ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఒకటి దిద్దడమే రోజంతా పని. అట్లా నెలలు గడిస్తే నాలో నాదంటూ ఏమైనా ఉందా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది.

నీకేం వచ్చో నేను చూశాను. దసరాకు వచ్చినప్పుడు అన్నం తింటూ మీ మెస్‌లో రొట్టెలు చేసే ఆమె గురించి చెప్పావు. పరీక్ష దగ్గరికొచ్చిందని తిండి మానేసిన పిల్లతో ఆమె, "నీ పరీచ్చ ఎప్పుడో నాకెర్కలేదు గని, నా రొట్టె ఇప్పుడే సల్లగైతుంది, తిను" అన్నదట. ఆ మాటను ఆమె యాసలోనే చెప్పావు. ఆమె ఎక్కడ ఆగిందో అక్కడే ఆగావు. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకోవడం కూడా విడిచిపెట్టలేదు. మీ పెదనాన్న అన్నం కలపడం ఆపి విన్నాడు. ముప్పై ఏళ్లు తెలుగు టీచరుగా ఎందరో పిల్లల చేత కథలు చెప్పించినదాన్ని. విన్న మాటను చెడకుండా తిరిగి చెప్పడం ఎంత మందికి రాదో నాకు తెలుసు.

ఎవరూ అడగకుండా, మార్కులు రావని తెలిసి కూడా నువ్వు చేసే పని ఏదో అందులోనే నీ శక్తి ఉంటుంది. 'నాకేం వచ్చు' అని లోపలికి చూసుకుంటూ కూర్చుంటే అది దొరకదు. నీ చెవి ఎక్కడ నిలుస్తున్నది, ఏది చూసినప్పుడు అక్కడి నుంచి కదలబుద్ధి కాదు, అది గమనించు. కొందరికి రంగు దగ్గర, కొందరికి లెక్క దగ్గర, కొందరికి ఇంకొకరి బాధ దగ్గర మనసు ఆగుతుంది.

బాధ దగ్గర ఆగిన మనిషి సంగతి చెప్తాను. చింతకింది మల్లేశం పేరు నీ కరెంట్ అఫైర్స్ నోట్సులో ఉండే ఉంటుంది: ఆసు యంత్రం, పద్మశ్రీ, 2017. నీకది ఒక మార్కు ప్రశ్న. దాని వెనక ఉన్న ఏళ్లు ఆ నోట్సులో ఉండవు.

ఆలేరు దగ్గర శారాజీపేట ఆయన ఊరు. చేనేత ఇల్లు. ఆరో తరగతితో బడి ఆగిపోయింది. అక్కడ నేసే పోచంపల్లి చీరలో రంగులు మగ్గం మీద పుట్టవు. నేయకముందే నూలుకు అక్కడక్కడ కట్లు కట్టి రంగులో ముంచుతారు, నేసేటప్పుడు ఆ రంగులు ఒకదాని పక్కన ఒకటి చేరి డిజైన్ అవుతాయి. ఆ కట్లు కట్టడానికి ముందు నూలును కొలత ప్రకారం చుట్టిపెట్టాలి. అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు ఉంటాయి, ఎదురుగా మధ్యలో ఒక మేకు. పోగును అక్కడి నుంచి ఒక్కో మేకుకు తీసుకుపోయి చుట్టి మళ్లీ వెనక్కి తేవాలి. దీన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ పోతుంది. రోజుకు రెండు చీరలకు పోస్తే పద్దెనిమిది వేల సార్లు. ఇది ఇంట్లో ఆడవాళ్ల పని. మగ్గం మీద కూర్చున్నవాళ్లను నేతగాళ్లంటాం, ఆసు పోసే ఆమెకు ఏ పేరూ పెట్టలేదు. ఆ ఇళ్లలో భుజం నొప్పి, మోచేతి నొప్పి తరతరాలుగా ఉన్నవే కాబట్టి వాటిని ఎవరూ సమస్య అనుకోలేదు.

మల్లేశం తల్లి లక్ష్మి కూడా అట్లాగే ఆసు పోసింది. ఆమె బాధ రోజూ చూసిన కొడుకు, చెయ్యి చేసే పని యంత్రం ఎందుకు చేయకూడదని 1992లో మొదలుపెట్టాడు. ఇంజినీరింగ్ చదవలేదు, డబ్బు లేదు. ఒక్కో భాగం చేసుకుంటూ, చెడితే మళ్లీ చేసుకుంటూ పోయాడు. పిచ్చి పని మానుకొమ్మని చుట్టుపక్కలవాళ్లు అన్నారు. చివరికి పని ఒక చోట చిక్కుపడిపోయింది. బతుకుదెరువుకు హైదరాబాద్ వచ్చి కరెంటు పనిలో చేరాడు. ఒకసారి బాలానగర్‌లో పనికి పోయినప్పుడు అక్కడ నడుస్తున్న ఒక యంత్రంలో ఒక కదలిక కనబడింది. తన యంత్రంలో కుదరనిది ఆ కదలికే. దాన్ని పట్టుకుని 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు, దానికి అమ్మ పేరే పెట్టాడు. ఇప్పుడు ఆ యంత్రం మీద ఒక చీర ఆసు గంటన్నరలో అయిపోతుంది, ఆడమనిషి భుజం కదపనక్కర లేదు. పల్లె సృజన లాంటి సంస్థలు ఆయన పనిని బయటి లోకానికి తెలిపాయి. 2019లో సినిమా కూడా వచ్చింది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైనది బాలానగర్ రోజు. ఆశ వదిలి ఊరు విడిచినవాడు కూలి కోసం వచ్చిన చోట జవాబు చూశాడు. అదే యంత్రం ముందు నుంచి రోజూ ఎందరో పోయి ఉంటారు, వాళ్లకు అందులో ఏమీ కనబడలేదు. ఏళ్ల తరబడి ఆ ప్రశ్నను మోస్తున్నవాడికే కనబడింది. ఇంగ్లాండులో గ్రాహం వాలస్ అనే ఆయన 1926లో రాసిన పుస్తకంలో ఇదే చెప్పాడు: ముందు ఒక విషయం మీద గట్టిగా పనిచేస్తాం, తర్వాత దాన్ని పక్కన పెట్టి వేరే పనుల్లో పడతాం, అప్పుడు లోపల అది ఊరుతుంది, ఒక రోజు తడుతుంది, ఆ తర్వాత దాన్ని సరిచూసుకోవాలి. పక్కన పెట్టిన కాలం కూడా పనిలో భాగమే. మొదటి మెట్టు ఎక్కనివాడికి మాత్రం ఎన్నాళ్లు ఎదురుచూసినా ఏదీ తట్టదు. అందుకే ఉద్యోగం వచ్చాక చూద్దామని నువ్వు అనవద్దు. ఉద్యోగ ప్రయత్నం పక్కనే ఉండనీ. ప్రశ్నను మాత్రం ఇప్పుడే తలకెత్తుకో.

తీరిక ఎక్కడిది అంటావు. తీరిక లేని బతుకుకు తగ్గ రూపం వెతుక్కోవాలి. కవి అలిశెట్టి ప్రభాకర్ అట్లా వెతుక్కున్నాడు. జగిత్యాలలో 1954లో పుట్టాడు. బొమ్మలు వేశాడు, ఫోటోలు తీయడం నేర్చుకుని దాన్నే జీవనం చేసుకున్నాడు. జగిత్యాలలో, కరీంనగర్‌లో స్టూడియోలు నడిపి హైదరాబాద్ వచ్చి ఇక్కడా స్టూడియో పెట్టాడు. ఆంధ్రజ్యోతిలో 'సిటీ లైఫ్' పేరుతో ఏళ్లపాటు ఆయన రాసినవి కొద్ది పంక్తుల కవితలే. నగరంలో నడుస్తూ చూసినది అంత చిన్న చోటులో ఇమడ్చడం ఫోటో తీసే కన్నుకు తెలిసిన విద్య. స్టూడియో కన్నే కవితకూ పనికొచ్చింది. అయితే ఆయన 1993లో, నలభై నిండకముందే, క్షయతో పోయాడు. ఆ లేమిని నేను నీకు ఆదర్శంగా చూపడం లేదు. కళ కోసం పస్తులుండాలని ఎవరైనా చెప్తే వినకు. నువ్వు వేళకు తిను, చదువు, ఉద్యోగం తెచ్చుకో. ఆయన దగ్గర తీసుకోవలసింది కొలత: నీ రోజులో ఎంత చోటు ఉందో అంతలో పట్టేది చెయ్యి.

నీకు పట్టేది అర పేజీ. రాత్రి మెస్ నుంచి వచ్చి ఫోన్ పట్టుకునే ముందు, ఆ రోజు చెవిన పడ్డ ఒక్క మాట రాయి. ఎవరు అన్నారు, ఎవరితో, ఎక్కడ నిలబడి, అంతే. నీ అభిప్రాయం వద్దు, పోలికలు వద్దు, 'జీవితం' అన్న మాట అసలే వద్దు. యాస దిద్దకు. బడిలో మేము పిల్లల యాసను ఎర్ర సిరాతో దిద్దేవాళ్లం, నువ్వు మాత్రం అన్నవాళ్ల మాటను వాళ్లకే ఉంచు. వారానికొకసారి ఆ కాగితాలన్నీ చదువుకుని, నిన్ను వదలని ఒక్క దాన్ని తీసుకుని మొదలు నుంచి చివరి దాకా పూర్తిగా రాయి. బాగా రాకపోయినా పూర్తి చెయ్యి. సగంలో వదిలినవి పది ఉంటే చెయ్యికి వదలడమే అలవాటవుతుంది. వెంటనే స్టేటస్‌లో పెట్టకు. లైకులు లెక్కపెట్టడం మొదలుపెడితే చూసేవాళ్లకు ఏది నచ్చుతుందో అదే రాస్తావు, నీ చెవి సంగతి మర్చిపోతావు. ముందు ఒక్కరికి చదివి వినిపించు. ఎక్కడ వాళ్ల చూపు పక్కకు పోయిందో అక్కడ కొట్టెయ్యి.

వినడానికి నీకు దొరికిన చోటు మామూలుది కాదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న ఈ నాలుగు కిలోమీటర్లలో దక్షిణ తెలంగాణ సగం నడుస్తుంటుంది. ఆదివారం రాత్రి ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడు. సూర్యాపేట, ఖమ్మం బస్సులు ఒక వైపు, నాగార్జునసాగర్ రోడ్డు బస్సులు ఒక వైపు. బస్తా బియ్యం, పచ్చడి సీసా పట్టుకుని దిగే తండ్రి హాస్టల్ గేటు దాకా వచ్చి లోపలికి రానివ్వరని తెలిసి బిడ్డతో ఏం మాట్లాడతాడు? పొద్దున అడ్డా మీద కూలి కోసం నిలబడ్డ ఆడవాళ్లు మేస్త్రీ రాకముందు ఏం మాట్లాడుకుంటారు? 2018 సెప్టెంబర్‌లో మెట్రో ఎల్బీనగర్ దాకా వచ్చింది. ఆ స్టేషన్ల కింద నీడలో ఎన్ని కొత్త బేరాలు పుట్టాయో నువ్వు రోజూ చూస్తున్నావు. సాయిబాబా గుడి ముందు గురువారం పూలమ్మే ఆమె మాట వేరు, సరూర్‌నగర్ రైతుబజార్‌లో కూరగాయలు తూచే ఆమె మాట వేరు. చైతన్యపురిలో దిగి వినుకుంటూ పో.

ఇవి నిలిచి ఉండేవి కావు బిడ్డా. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉండేది. నల్లగొండ బత్తాయి లారీలు రాత్రంతా దిగేవి, ఎండకాలం వచ్చిందంటే మామిడికాయల వాసన మెయిన్ రోడ్డు దాకా కొట్టేది. హమాలీలు, వేలం పాడేవాళ్లు, బుట్టలు అల్లేవాళ్లు, టీ బండ్లు, ఒక ఊరే ఉండేది అక్కడ. దాన్ని బాటసింగారం తరలించారు, 2022 నాటికి పాత షెడ్లు కూలగొట్టారు. ఆ జాగాను పెద్దాసుపత్రికి ఇచ్చారు. ఆసుపత్రి కావలసిందే. కానీ ఆ మార్కెట్‌లో వేలం ఎట్లా పిలిచేవాళ్లు, ధర కుదరనప్పుడు ఏ మాట అనేవాళ్లు, పొద్దున లెక్క చూసుకునేటప్పుడు ఒకరినొకరు ఏమని పిలుచుకునేవాళ్లు, అది చెప్పగలిగినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. వాళ్ల మాట విని రాసిపెట్టే చెవి కావాలి. నీకున్నది అట్లాంటి చెవి.

ఇక్కడ గోడలన్నీ కోచింగ్ బోర్డులే కాబట్టి, రాయడానికి కూడా ఒక కోర్సు ఉందేమో, ఫీజు ఎంతో అని నీకు అనిపించవచ్చు. ఇప్పుడే వద్దు. కొన్ని విద్యలకు గురువు తప్పదు, మీ రూమ్‌లో పాడే అమ్మాయికి రాంకోటి త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల సంగతి చెప్పు, 1952 నుంచి ఉంది, ఒకసారి పోయి అడగమను. నీకు మాత్రం ముందు కావలసింది చదువు, పరీక్షది కాని చదువు. కాళీపట్నం రామారావు గారు విశాఖపట్నంలో లెక్కల మాస్టారు. బడి పని చేసుకుంటూనే 'యజ్ఞం' లాంటి కథ రాశారు. రాసినవి తక్కువ, ఒక్కోదాని మీద పెట్టిన పని ఎక్కువ. తర్వాత తన కథల కంటే అందరి కథలూ దొరికే చోటు ముఖ్యమనుకుని 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. ఆ కథలు వేల సంఖ్యలో నీ ఫోన్‌లోనే చదువుకోవచ్చు. వారానికి ఒక్కటి చాలు. ఒకసారి కథ కోసం చదువు, రెండోసారి ఎవరు ఎప్పుడు నోరు విప్పారో, ఏ మాట దగ్గర ఆగారో చూస్తూ చదువు.

మీ అమ్మ భయపడుతుందని నాకు తెలుసు, చదువు పక్కదారి పడుతుందని. అర పేజీకి పట్టే సమయం రీల్స్‌కు పోయే సమయం కన్నా తక్కువే అని నేను ఆమెతో మాట్లాడాను. పరీక్షకు నెల ముందు మానెయ్యి, దానికి నాకు అభ్యంతరం లేదు. అయిపోయిన రాత్రే మళ్లీ మొదలుపెట్టాలి.

ఇంకో మాట. మీ పెదనాన్న ఎరిగిన బత్తాయి వ్యాపారి ఒకాయన గడ్డిఅన్నారంలో చాలా ఏళ్లు ఉండి ఇప్పుడు బాటసింగారంలో కొట్టు పెట్టుకున్నాడు. నువ్వు వస్తావని చెప్పి ఉంచాము, సంతోషంగా రమ్మన్నాడు. వచ్చే నెల మొదటి ఆదివారం పోదాం. సరుకు దిగే వేళకు అక్కడ ఉండాలి కాబట్టి శనివారం రాత్రికే ఇంటికి వచ్చెయ్యి, వార్డెన్‌కు నేను ఫోన్ చేస్తాను. ఏం అడగాలో ప్రశ్నలు నువ్వే రాసుకో. రికార్డు చేయడానికి ఆయన ఒప్పుకుంటాడో లేదో ముందుగా అడుగు, ఒప్పుకోకపోతే ఫోన్ సంచిలో పెట్టి విను. విజయవాడ రోడ్డు మీద పొద్దున చలి ఎక్కువ, స్వెట్టర్ మర్చిపోకు.

నీ పెద్దమ్మ