మొలకకు నీడ కావాలి

నల్లగొండ

అల్లుడూ,

మహబూబ్‌నగర్‌లో మీ మిద్దె మీద ట్రేలో పోసిన టమాట గింజలు మొలవలేదనీ, నీకు హస్తవాసి లేదని నువ్వే తేల్చేసుకున్నావనీ మీ అమ్మ చెప్పింది. హస్తవాసి మాట పక్కన పెట్టు. ఎవరి చెయ్యి పోసిందో గింజకు పట్టదు. మట్టిలో ఎంత వేడి ఉంది, ఎంత తడి ఉంది అన్నదే దానికి లెక్క. మన మెట్ట ప్రాంతంలో టమాట గింజను మొలిపించడమంటే ప్రధానంగా దాన్ని వేడి నుంచి కాపాడడమే. నువ్వు ఫోన్లో చూసే వీడియోలు చాలావరకు దీనికి ఎదురు చెప్తాయి. చలి దేశాల వాళ్లు ట్రే కింద కరెంటుతో వేడెక్కే చాప పరుస్తారు, పైన ప్లాస్టిక్ కవరు కప్పుతారు, ఎండ పడే కిటికీ దగ్గర పెడతారు. వాళ్ల మట్టి చల్లగా ఉంటుంది కాబట్టి వాళ్లకు అది సరైన పని. అదే పని ఏప్రిల్‌లో మన మిద్దె మీద చేస్తే గింజను ఉడకేసినట్టే.

ఇది నా ఊహ కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారింగ్టన్, మింజెస్ 1954లో కూరగాయల విత్తనాలు ఏ వేడిలో ఎన్నాళ్లకు మొలుస్తాయో పట్టిక వేశారు. తోటల వాళ్లు ఇప్పటికీ దాన్నే చూస్తారు. మట్టి 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే టమాట ఆరు రోజులకు పైకి వస్తుంది. 20 డిగ్రీలైతే ఎనిమిది రోజులు, 15 అయితే సుమారు రెండు వారాలు పడుతుంది. 10 డిగ్రీల దగ్గర నెల దాటినా వస్తుంది. ఇప్పుడు 30 డిగ్రీల పైకి పోయి చూడు. 35 డిగ్రీలకు తొమ్మిది రోజులు, 40 డిగ్రీలకు అసలు మొలకే లేదు. అంటే మన చలికాలం మొలకను ఆలస్యం చేస్తుందే తప్ప ఆపదు, మన ఎండాకాలం ఆపేస్తుంది. మే నెలలో ఇక్కడ గాలే 40 దాటుతుంది. ఎండలో కాగే స్లాబు మీద పెట్టిన నల్ల ప్లాస్టిక్ ట్రేలోని మట్టి గాలి కన్నా ఎక్కువ వేడెక్కుతుంది. ఆ ట్రేలో గింజ మొలవకపోతే తప్పు గింజదీ కాదు, నీదీ కాదు.

టమాట వేడి పంటే కదా, మన రైతులు ఎండాకాలం కూడా పండిస్తున్నారు కదా అని నువ్వు అడగవచ్చు. పండిస్తున్నారు, కానీ నారు పోసేది ఎప్పుడో చూడు. ఎండాకాలం పంటకు జనవరి, ఫిబ్రవరిలో నాటాలంటే నారు డిసెంబరు, జనవరి చల్లదనంలోనే మొలిచి ఉండాలి. పెరిగిన మొక్క ఓర్చుకునే ఎండను తడి తాగిన గింజ ఓర్చుకోలేదు. మరి ఎవరూ పట్టించుకోని పెంటకుప్ప మీద టమాట దానంతట అదే మొలుస్తుంది కదా అనే ప్రశ్న ఇంకా గట్టిది. నిజానికి ఆ పెంటకుప్పే నా మాటకు సాక్షి. కుప్పలో పడ్డ పండు కుళ్లినప్పుడు గింజ చుట్టూ ఉన్న జిగురు పోతుంది. మొలకను ఆపిపెట్టేది ఆ జిగురే. అందుకే పండు నుంచి గింజ తీసేవాళ్లు గుజ్జును రెండు మూడు రోజులు పులియబెట్టి కడుగుతారు. అట్లా జిగురు వదిలిన గింజలు కూడా ఎండల్లో లేవవు, మిరుగం (మృగశిర కార్తె) వానలు పడి నేల చల్లబడ్డాకనే లేస్తాయి. పైగా కుప్పలో వందల గింజలు పడితే పైకి వచ్చేవి కొన్నే. పోయినవాటిని లెక్కపెట్టేవాళ్లు లేరు కాబట్టి అంతా సులువుగా జరిగినట్టు కనబడుతుంది.

కాబట్టి ముందు కాలం చూసుకో. జూన్ రెండో సగం నుంచి జులై దాకా, మళ్లీ సెప్టెంబరు చివరి నుంచి జనవరి దాకా మన దగ్గర పెద్ద సాధనాలేవీ అక్కర్లేదు. ఎండాకాలంలో పోయక తప్పకపోతే మిద్దె దిగి, ఇంట్లో గాలి ఆడే నీడన మట్టి కుండీలో పోసి, చుట్టూ తడి గోనెసంచి కట్టు. మన ఎండ పొడి ఎండ, తడి ఆరుతూ కుండీని చల్లబరుస్తుంది. గింజ మొలవడానికి టమాటకు వెలుతురు అక్కర్లేదు, అర అంగుళం కన్నా లోతు వద్దు. వట్టి ఎర్ర చెలక మట్టి వాడకు, నీళ్లు పోసి ఆరగానే పైన పెచ్చు కడుతుంది. బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపితే గుల్లగా ఉంటుంది. నీళ్ల సంగతీ చూసుకో. మా నల్లగొండ బోరు నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. గింజకు అంతకన్నా భయం ఉప్పదనంతో. చిన్న కుండీలో పోసిన నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. వాన నీళ్లో, మిషన్ భగీరథ నల్లా నీళ్లో వాడు.

నీడ మంచిదన్నాను కదా అని మొలిచాక కూడా నీడలోనే ఉంచకు. మొలక తల ఎత్తిన రోజే పొద్దుటి ఎండలోకి మార్చు, లేకపోతే వెలుతురు కోసం సన్నగా సాగి వాలిపోతుంది. వానాకాలంలో అతి తడి వల్ల నారుకుళ్లు తెగులు వస్తుంది, లేత కాడ మట్టి దగ్గరే మెత్తబడి మొక్క పడిపోతుంది. కుండీ అడుగున రంధ్రాలు ఉంచి, పై మట్టి ఆరాకనే నీళ్లు చల్లు.

నర్సరీలో నారు దొరుకుతుంటే ఇంత బాధ ఎందుకంటావా? ఎకరం వేసేవాడికైతే కొనుక్కొమ్మనే చెప్తాను. పది కుండీలవాడికి మాత్రం గింజే మేలు. నర్సరీలు ఎక్కువగా పెంచేది మార్కెట్‌కు పనికొచ్చే హైబ్రిడ్ రకాలు. వాటి పండు నుంచి తీసిన గింజ తల్లి గుణాన్ని నిలుపుకోదు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్కా వికాస్ లాంటి సూటి రకమైతే ఒక్కసారి కొంటే చాలు, తరువాత నీ గింజ నీదే. పొట్లం మీద పరీక్ష తేదీ చూడు. మన దేశపు విత్తన ప్రమాణం ప్రకారం టమాటకు మొలక శాతం కనీసం 70 ఉండాలి. ఆ మాట నిజమో కాదో ఇంట్లోనే తేలుతుంది. 20 గింజలను తడి గుడ్డలో చుట్టి, ఆరనీయకుండా నీడన ఉంచు. రెండు వారాల్లో 14 మొలిస్తే విత్తనం మంచిదే, ఆరేడుకే ఆగితే కుండీ మట్టిని నిందించకుండా పొట్లం మార్చు.

ఇప్పటికి ఆ ట్రే మిద్దె మీద నుంచి దించు. మిరుగం వానలు పడి నేల చల్లబడ్డాక మళ్లీ పొయ్యి. అప్పుడూ మొలవకపోతే గింజనో నీళ్లనో అనుమానించు కానీ నీ చేతిని మాత్రం కాదు.

ఇట్లు,
మీ మామ