జర్మనీకి మటన్ పచ్చడి

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో చదువుతున్నాడు. మటన్ పచ్చడి, ఇంటి నెయ్యి సూట్‌కేసులో పెట్టి పంపొచ్చా?

జవాబు: రెండూ వద్దండి. మన దేశం నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు సామానులో తీసుకెళ్లకూడదు. పావుకిలో డబ్బా అయినా అంతే. దొరికితే తీసుకుని ధ్వంసం చేస్తారు, జరిమానా కూడా పడొచ్చు. వాళ్ల భయమల్లా గాలికుంటు లాంటి పశువ్యాధుల గురించే. 2025 జనవరిలో బ్రాండెన్‌బర్గ్‌లో ఒక గేదెల మందకు అది సోకింది. 1988 తర్వాత జర్మనీలో అదే మొదటిసారి. మరి గాభరా పడరూ?

వ్యాపార సరుకు దారి వేరు. సరిహద్దు తనిఖీ కేంద్రంలో పశువైద్యాధికారి ముందు ఆరోగ్య ధ్రువపత్రం, తర్వాత సీలు, లేబుళ్లు సరిచూస్తారు. అవసరమైతే పెట్టె విప్పి ఉష్ణోగ్రత కొలుస్తారు, నమూనా ల్యాబ్‌కు పంపుతారు.

ఇక మీ అబ్బాయి సూట్‌కేసులోనైతే తేనె 2 కిలోల దాకా పెట్టొచ్చు. ఆవకాయతో పశువైద్యులకు పేచీ లేదు.